పీఎస్5కీ కంప్యూటర్‌కీ ఒకే నెట్: ప్లాన్ పెంచకండి, ముందు వైరు లాగండి

అడిగింది ఇది: ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. హాల్లో టీవీ కింద పీఎస్5 గేమ్ కన్సోల్, లోపలి గదిలో కంప్యూటర్. కంప్యూటర్ మీద ఎవరైనా పని మొదలుపెట్టగానే హాల్లో ఆట జెర్కులు కొడుతోంది. ఒక్క కనెక్షన్‌ని రెండింటికీ ఎలా సర్దాలి, 300 ప్లాన్‌కి మారిపోవాలా?

మారొద్దు, డబ్బులు దండగ. ఆన్‌లైన్ ఆట తినే నెట్ చాలా తక్కువ. షూటింగ్ గేమ్ అయినా గంటకు వంద ఎంబీకి అటూ ఇటూ, అంటే సెకనుకు పావు మెగాబిట్ కూడా పడదు. మీ 100లో అది ఏ మూలకి? స్పీడు కావాల్సింది గేమ్ దింపుకోవడానికే. 50 జీబీ గేమ్ దిగడానికి 100 లైన్ మీద గంటా పది నిమిషాలు పడుతుంది. పడుకునే ముందు డౌన్‌లోడ్ పెట్టి కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో వదిలేస్తే తెల్లారేసరికి ఉంటుంది. దాని కోసం నెలనెలా ఎక్కువ కట్టాలా అన్నది మీ ఇష్టం.

ఆటని పాడుచేసేది స్పీడు తక్కువవడం కాదు, వరస పెరగడం. ముఖ్యంగా అప్‌లోడ్ వైపు. కంప్యూటర్ మీద వన్‌డ్రైవో గూగుల్ డ్రైవో ఫొటోలు పైకి తోస్తూ ఉంటుంది. లైన్ పట్టేదానికంటే ఎక్కువ వచ్చేసరికి గోడకున్న ఫైబర్ డబ్బా వాటిని తన మెమరీలో వరసగా నిలబెడుతుంది. పీఎస్5 పంపే పొట్టి ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) ఆ లారీల వెనకాల స్కూటర్‌లా ఇరుక్కుంటుంది. మీరు బటన్ నొక్కింది ఇప్పుడు, సర్వర్‌కి తెలిసేది పావు సెకను తర్వాత.

ఊహించుకోనక్కర్లేదు, అయిదు నిమిషాల్లో కళ్లతో చూడొచ్చు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ విండోలు రెండు పక్కపక్కన తెరవండి. ఒకదాంట్లో ping -t అని కొట్టి, తర్వాత రౌటర్ అడ్రస్ వెయ్యండి. ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో ఇది చూపిస్తూ ఉంటుంది. అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది, లేకపోతే డబ్బా కింద స్టిక్కర్ మీద చూడండి. రెండో దాంట్లో అదే కమాండ్ 8.8.8.8కి (ఇది బయట ఉన్న గూగుల్ సర్వర్). ఇప్పుడు రెండు జీబీల ఫైలు ఒకటి డ్రైవ్‌లోకి అప్‌లోడ్ పెట్టి, రెండు విండోలూ గమనించండి. రౌటర్ వైపు 1, 2 మిల్లీసెకన్ల దగ్గరే ఉండి, 8.8.8.8 మాత్రం 20 నుంచి 200కి ఎగబాకితే తప్పు వరసది. రౌటర్ అంకే 5, 80, 12, 150 అని గంతులేస్తుంటే తప్పు వైఫైది, ఆపరేటర్‌కి ఫోన్ చేసి లాభం లేదు. రెండూ గంతులేస్తే ముందు వైఫై సంగతి చూసి, ఈ పరీక్ష మళ్లీ చెయ్యండి. ఇది చెయ్యకుండా కస్టమర్ కేర్‌తో గంటసేపు వాదించేవాళ్లే ఎక్కువ. వాళ్లేమో స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ అడుగుతారు, అందులో 98 వస్తుంది, కంప్లయింట్ మూసేస్తారు.

వరసే తప్పయితే మందు కంప్యూటర్‌లోనే ఉంది. విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంటుంది. ఇంటర్నెట్‌లోని వేరే కంప్యూటర్లతో పంచుకునే ఆప్షన్ ఎంచుకుని ఉంటే, మీ లైన్ మీద ఎవరికో అప్‌డేట్లు పంపిపెడుతుంది. ఆపెయ్యండి. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్‌కి, స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్‌కి హద్దు పెట్టుకోవచ్చు. లైన్‌లో ఎనభై శాతం దాటనివ్వకండి. చాలా ఇళ్లలో ఇంతటితో గొడవ సద్దుమణుగుతుంది.

అప్పటికీ కాకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ ఒకటి తెచ్చి అందులో ఎస్‌క్యూఎం (వరసని అదుపులో పెట్టే సదుపాయం) ఆన్ చేసి, కేక్ అనే పద్ధతి ఎంచుకోండి. అప్, డౌన్ రెండు గడుల్లోనూ వైరు మీద కొలిచిన వేగంలో తొంభై శాతం వెయ్యండి, ప్లాన్ కాగితం మీది అంకె కాదు. పెట్టెల మీద రాసే ‘గేమింగ్ మోడ్’ని చూసి సాలీడు లాంటి ఎనిమిది యాంటెన్నాల రౌటర్ కొనడం దగ్గరే చాలామంది మోసపోతారు. వరస తయారయ్యేది ఫైబర్ డబ్బాలో. రౌటర్ తన దగ్గర లేని వరసలో ఎవరిని ముందుకు పంపుతుంది? లైన్ కంటే కాస్త తక్కువకి తనే కళ్లెం వేసినప్పుడు వరస రౌటర్‌లోకి వస్తుంది. ముందెవరు వెనకెవరు అన్నది అప్పుడు దాని చేతిలో పని.

ఇక వైరు. పీఎస్5కి లాన్ కేబుల్ లాగండి, క్యాట్5ఈ రకం చాలు. ‘క్యాట్7, క్యాట్8’ అని అమ్మే బల్లపరుపు తీగల జోలికి వెళ్లొద్దు. రాగికి బదులు అల్యూమినియం మీద రాగి పూత వేసిన సరుకు కూడా తిరుగుతోంది. లోపలి తీగని బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది, వెనక్కిచ్చెయ్యండి. క్రింపింగ్ (చివర ప్లగ్ బిగించడం) మీరే చేసుకుంటే రెండు చివర్లా ఇదే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఏ రంగు జతని ఆ జత పక్కనే పెట్టేస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లైట్లు వెలిగే చవక టెస్టర్ కూడా అన్నీ బాగున్నాయంటుంది. కానీ 3, 6 పిన్నులు ఒకే మెలికలో (కలిపి పేనిన జతలో) లేవు కాబట్టి, కేబుల్ పొడవయ్యేకొద్దీ ప్యాకెట్లు పోతాయి. ఎనిమిదింటిలో ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోయి 100కి పడిపోవచ్చు.

ఫైబర్ డబ్బా వెనక లాన్ పోర్టులన్నీ ఒకటి కావు. చాలా డబ్బాల్లో ఒకటే గిగాబిట్, మిగతావి 100వి. 300 ప్లాన్ తీసుకుని 100 పోర్టులో గుచ్చితే 94 దాటదు. పోర్టులు చాలకపోతే అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక లాన్ వైరుని కొన్నింటికి పంచే పెట్టె) పెట్టండి. దానికి సెట్టింగులంటూ ఏమీ ఉండవు, గుచ్చితే పని చేస్తుంది.

స్విచ్‌కి బదులు పాత రౌటర్ తగిలించేవాళ్లకి కన్సోల్‌లో ‘నాట్ టైప్ 3’ రావచ్చు, స్నేహితులతో వాయిస్ కలవకపోవచ్చు. నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకే బయటి అడ్రస్ వెనక పెట్టే పద్ధతి, టైప్ 3 అంటే బయటివాళ్లతో కలవడం కష్టమని. రెండు రౌటర్లూ చెరో నెట్‌వర్క్ నడిపితే అంతే. రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ నడపకుండా) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచేది) ఆపి, అడ్రస్ 192.168.1.2 లాంటిది ఇచ్చి, వైరుని వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులో కాక లాన్ పోర్టులో గుచ్చండి. యూపీఎన్‌పీ (ఆటకి కావాల్సిన దారిని తనే తెరిచే సెట్టింగ్) మెయిన్ డబ్బాలో ఆన్ ఉండాలి. ఆట వాడే 3074 నంబరు పోర్టుని (ఇది గుచ్చే పోర్టు కాదు, డేటా వచ్చే దారి నంబరు) పీఎస్5కి చేత్తో ఫార్వర్డ్ చేసి, అంటే ఆ దారిని దానికే మళ్లించి, అదే ఇంట్లో కంప్యూటర్ మీద కాల్ ఆఫ్ డ్యూటీ ఆడితే రెండూ ఆ పోర్టు కోసమే కొట్టుకుంటాయి. అప్పుడు ఫార్వర్డ్ తీసేసి యూపీఎన్‌పీకే వదిలెయ్యడం మేలు. డబ్బా స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీ ఆపరేటర్ చాలా ఇళ్లని ఒకే అడ్రస్ వెనక పెట్టాడని అర్థం. ఫార్వర్డింగ్ ఎంత చేసినా వృథా. టైప్ 2 వస్తుంటే అలాగే ఆడుకోండి, రాకపోతే స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించే అడ్రస్) అడగండి.

అద్దిల్లు, గోడకి మేకు కొట్టనివ్వరు, వైరు కుదరదు అంటారా? టీవీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, దాని వైఫైని లాన్ వైరుతో కన్సోల్‌కి ఇవ్వచ్చు. మొదటి పీఎస్4కి 5 గిగాహెర్ట్జ్ వైఫై లేదు, అలాంటివాళ్లకి ఇది నిజంగా లాభం. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో వైఫై మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, మొదటి గడిలో టిక్, కింద ఈథర్‌నెట్ ఎంచుకోవడం. కన్సోల్‌కి 192.168.137తో మొదలయ్యే అడ్రస్ వస్తే కలిసినట్టే. ఇక్కడా నాట్ మీద నాట్ పడుతుంది కాబట్టి టైప్ 3 రావచ్చు. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోండి. రీస్టార్ట్ అయ్యాక టిక్ ఉన్నట్టే కనిపించి నెట్ రాకపోతే, ఆ టిక్ తీసి ఓకే కొట్టి మళ్లీ పెట్టండి.