గుండెకే తగిలింది, మరి ఎందుకు పరిగెత్తింది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నేను ఆబర్డీన్‌లో ఆయిల్ ఫీల్డ్ జాబ్ చేస్తున్నా, వచ్చి తొమ్మిదేళ్లు. ఆఫీసులో ఒక స్కాటిష్ ఫ్రెండ్ వల్ల డీర్ స్టాకింగ్ (పొంచి వెళ్లి జింకల్ని వేటాడటం) అలవాటైంది, పోలీసుల దగ్గర రైఫిల్ సర్టిఫికెట్ తీసుకున్నా, జింకల వేటకి పెట్టే లెవెల్ 1 పరీక్ష కూడా పాసయ్యా. పోయిన నవంబర్లో ఫస్ట్ టైమ్ ఒక ఆడ రెడ్ డీర్‌ని కొట్టా. దెబ్బ తగలగానే ఎగిరి ఒక డెబ్బై మీటర్లు పరిగెత్తి చెట్లలోకి పోయింది. వెళ్లి చూస్తే చచ్చి ఉంది, కోసి చూస్తే గుండె పైభాగం చీలిపోయి ఉంది. గుండెకే తగిలితే ఎందుకు పరిగెత్తింది, నేనేమన్నా తప్పు చేశానా? తలకి కొడితే అక్కడికక్కడే పడిపోతుందని వీడియోల్లో చూశా, నెక్స్ట్ టైమ్ అలా ట్రై చెయ్యొచ్చా? ఆ పరుగు చూశాక నాలుగు రోజులు నిద్ర పట్టలేదు సార్.
— ఒక పాఠకుడు, ఆబర్డీన్

జవాబు: నిద్ర పట్టలేదంటే మంచిదే అండీ, పట్టినవాళ్లతోనే నాకు భయం. మీరు తప్పేమీ చెయ్యలేదు. గుండెకి తగిలిన జింక యాభై మీటర్లు, ఒక్కోసారి వంద మీటర్లు పోవడం మామూలే. రక్తమంతా ఛాతీలోకి పోయి ప్రెషర్ పడిపోతుంది గానీ, మెదడులో అప్పటికే ఉన్న ఆక్సిజన్‌తో ఇంకో పది పదిహేను సెకన్లు కాళ్లు ఆడతాయి. కోడిని కోసి వదిలితే ఎలా ఎగురుతుందో మన ఇళ్లలో చూసిందే కదా. అది దాదాపు క్వింటాల్ బరువున్న కోడి అనుకుని, దానికి నాలుగు పొడుగు కాళ్లు పెట్టి ఊహించుకోండి.

తల సంగతి మాత్రం మర్చిపోండి. తల పెద్దగా కనిపిస్తుంది కానీ లోపల మెదడు మీ పిడికిలంత, మేసేటప్పుడు జింక తల ఒక్క క్షణం కుదురుగా ఉండదు, మీరు ట్రిగ్గర్ నొక్కేలోపు ఈగ వాలిందని విదిలిస్తే చాలు, రెండంగుళాలు పక్కకి పోయి దవడ విరుగుతుంది. దవడ విరిగిన జింక చావదు. హాయిగా పరిగెత్తి పోతుంది, మీరేమో మిస్సయిందనుకుంటారు, అది మాత్రం మెయ్యలేక రోజుల తరబడి ఆకలితో చస్తుంది. మెడ కూడా అంతే, వెన్నుపూస సన్నం, తప్పితే గొంతు గొట్టం చిరుగుతుంది. వీడియోల్లో పడిపోయినవే చూపిస్తారు, దవడ విరిగినవి ఎవరు అప్‌లోడ్ చేస్తారు చెప్పండి.

పక్కకి తిరిగి నిలబడ్డ జింకలో ముందుకాలి వెనక అంచు పట్టుకుని పైకి రండి, ఛాతీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో ఆగండి. అక్కడ గుండె పైభాగం, పెద్ద రక్తనాళాలు, రెండు ఊపిరితిత్తులు అన్నీ కలిసి ఉంటాయి, కొంచెం అటూ ఇటూ అయినా ఏదో ఒకటి తగిలి చస్తుంది, ఛాతీ షాట్ గొప్పదనమంతా ఆ కొంచెంలోనే ఉంది. కానీ జానెడు వెనక్కి పోయిందా, పొట్ట. మరీ పైకి పోయిందా, అది ఇంకో మోసం: వెన్ను మీద ముళ్లలా ఉండే ఎముకల కొసకి తగిలితే ఆ షాక్‌కి కొట్టిన చెట్టులా పడిపోతుంది, మీరు లేచి ఫ్రెండ్‌తో చేతులు కలుపుతారు, అర నిమిషంలో అది లేచి వెళ్లిపోతుంది. అందుకే పడినా పడకపోయినా వెంటనే బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించి, స్కోప్‌లోంచి చూస్తూ అలాగే పడుకోండి.

ఏటవాలుగా నిలబడితే దగ్గరి కాలు చూసి గురి పెట్టకండి, అవతలి ముందుకాలు ఎక్కడుందో ఊహించుకోండి, తూటా దారి అటు పోవాలి. మీ వైపే ఎదురుగా తిరిగి ఉంటే, మొదటి రెండు మూడు సీజన్లు అసలు వద్దు, ఆగండి, అది తిరుగుతుంది, తిరగకపోతే ఇంటికెళ్లి టీ తాగండి.

ఇక దూరం. మీ లెవెల్ 1 టెస్టు గుర్తుందా? 100 మీటర్ల దగ్గర పడుకుని మూడు షాట్లు 10 సెంటీమీటర్ల వృత్తంలో పెట్టాలి, తర్వాత బొమ్మ జింక మీద 100 నుంచి పడుకుని, 70 నుంచి కూర్చునో మోకాలి మీదో, 40 నుంచి నిలబడి. చాలామంది పాసయి ఆ అంకెలు మర్చిపోతారు. టెస్టులో చలి లేదు, గుండె దడ లేదు, కొండ మీద అరగంట పాకిన ఆయాసం లేదు, అప్పుడే నిలబడితే 40 అన్నారంటే నిజం కొండ మీద ఎంతో మీరే ఆలోచించండి. నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా బైపాడ్ (రైఫిల్‌కి ఆనించే రెండు కాళ్ల స్టాండ్) మీద పడుకుని, గాలి తక్కువుంటే 150, దాటితే కొట్టను.

ఆ 150 ఎలా వచ్చిందో చెప్తా. నేను తిరుపతిలో వెటర్నరీ చదివినవాణ్ణి, గుండె ఎక్కడుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు అనే పొగరు ఉండేది. రెండో సీజన్లో, సాయంత్రం వెలుతురు పోతోంది, రో డీర్ (చిన్న రకం జింక) ఒకటి, 180 మీటర్లు ఉంటుంది, పొద్దున్నుంచీ తిరిగి తిరిగి ఒక్కటీ దొరకలేదన్న కసి. పక్కన పడుకున్న ముసలి స్టాకర్ మెల్లగా "వదిలెయ్" అన్నాడు. వినపడింది కూడా. నొక్కేశా, అప్పుడే అది ఒక అడుగు ముందుకేసింది. వీపు విల్లులా వంచి, వెనక కాళ్లు ఒకసారి తన్ని, మెల్లగా బ్రాకెన్ పొదల్లోకి వెళ్లింది. అంటే పొట్టలో తగిలింది. నేను చేసిన రెండో తప్పు మొదటిదాని కన్నా పెద్దది, లేచి వెంటనే వెనక పరిగెత్తా. పొట్టకి తగిలిన జింకని కదిలించకుండా అరగంటో ఇంకా ఎక్కువో వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే ఉన్న శక్తంతా కూడగట్టి కిలోమీటర్లు పోతుంది. పెద్దాయన తిట్టలేదు, ఇంటికెళ్లి కుక్కని తెచ్చాడు. రెండు గంటల తర్వాత టార్చి వెలుగులో దొరికింది, ఇంకా ఊపిరి ఉంది. రెండో తూటా ఆయనే కొట్టాడు, నా చేతులు ఆడలేదు.

కాబట్టి దెబ్బ తగిలిన క్షణం అది ఎలా కదిలిందో చూడటం సగం పని. మీదానిలా ముందుకు ఎగిరి దూసుకుపోతే గుండె. నేల మీద గులాబీ రంగు నురగ రక్తం ఉంటే ఊపిరితిత్తులు, ముదురు ఎరుపైతే కాలేయం, పచ్చగా వాసన కొట్టే మేత ఉంటే పొట్ట, ఎముక ముక్కలుంటే కాలు. అది నిలబడ్డ చోటు దగ్గర ఏ రాయి ఏ పొద ఉందో గుర్తుపెట్టుకోండి, మీరు పడుకున్న చోట టోపీయో కర్రో వదిలి వెళ్లండి, ఎందుకంటే లోయ దాటి అవతలికి వెళ్లేసరికి కొండంతా ఒకేలా కనిపిస్తుంది, ఇది ప్రతివాడికీ జరిగేదే. ఛాతీ షాటే అని నమ్మకం ఉన్నా ఐదు పది నిమిషాలు ఆగండి. దగ్గరికి వీపు వైపు నుంచి వెళ్లండి, కర్రతో కంటిని తాకండి, రెప్ప కదలకపోతే అప్పుడు రైఫిల్ ఖాళీ చెయ్యండి.

ఇంకో రెండు ముక్కలు. కొండ అంచు మీద ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌గా నిలబడ్డదాన్ని ఎంత బాగున్నా కొట్టకూడదు, వెనక మెత్తటి మట్టి కనపడాలి, అవతల ఎవరు నడుస్తున్నారో మీకు తెలీదు. గుంపులో ఒకదాని వెనక ఒకటి ఉన్నా వద్దు, తూటా రెండోదానికీ తగులుతుంది. ఆడ రెడ్ డీర్ సీజన్ అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అప్పటికి దాని పిల్ల ఇంకా తల్లి వెంటే ఉంటుంది, తల్లిని కొట్టి పిల్లని చలికాలానికి వదిలెయ్యడం కన్నా పాపం లేదు, తల్లినీ పిల్లనీ రెండిటినీ కొట్టడం కుదురుతుంది అనుకుంటేనే మొదలుపెట్టండి. మగవాటికి స్కాట్లాండ్‌లో 2023లో క్లోజ్ సీజన్ (కొట్టకూడని కాలం) తీసేశారు, లెడ్ బదులు కాపర్ తూటాలు వాడుకునే వీలుండాలని పెద్ద జింకలకి తూటా కనీస బరువు 100 గ్రెయిన్స్ నుంచి 80కి తగ్గించింది కూడా ఆ ఏడాదే. కాపర్‌కి మారితే రైఫిల్ మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే గురి సరిచేసుకోవాలి, పాత తూటాకి కుదిరింది దీనికి కుదరదు.

ప్రశ్న: చదువుకున్నవాళ్లు, అందులోనూ పశువుల డాక్టర్, మూగజీవాల్ని ఎక్కడ కొడితే చస్తాయో పేపర్లో చెప్పడం ఏం సంస్కారం?
— విజయవాడ

జవాబు: కోపం న్యాయమైనదేనమ్మా, కానీ అక్కడి సంగతి వేరు. స్కాట్లాండ్‌లో తోడేళ్లని మనుషులే చంపేసి రెండు మూడు వందల ఏళ్లవుతోంది, పెద్ద జింకల్ని వేటాడి తినే జంతువు ఇంకోటి లేదు, ఇప్పుడు అన్ని రకాలూ కలిపి దాదాపు పది లక్షలని అంచనా. మొలిచిన ప్రతి చెట్టుపిల్లనీ కొరికేస్తాయి, చలికాలంలో మేత చాలక కొండ మీదే పడి చస్తాయి. ఎలాగూ ప్రతి ఏటా కొడతారు, కొట్టేవాడు సరిగ్గా కొట్టాలనే నా గోల.

ప్రశ్న: సార్ మాది నారాయణపేట దగ్గర, కృష్ణజింకలు గుంపులుగా వచ్చి జొన్న, కంది మొలకలన్నీ తినిపోతున్నయ్. మీరు చెప్పిన స్కాట్లాండ్ లెక్క మాకు కూడా లైసెన్స్ ఇస్తరా?
— ఒక రైతు

జవాబు: ఇవ్వరన్నా. 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులికి ఎంత రక్షణో దానికీ అంతే, కొడితే జైలే. ఉచ్చు పెట్టినా, కరెంటు తీగ పెట్టినా అదే కేసు, తీగ అయితే మన మనిషే చచ్చే ప్రమాదం. మొలకలు పోయిన రోజే ఫోటోలు తీసి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, నష్టపరిహారానికి అప్లికేషన్ పెట్టు, ఊళ్లో పదిమందితో కలిసి ఇస్తే ఇంకా మంచిది. ఇంకోటి, పేరుకి జింక గానీ అది అసలు డీర్ జాతి కాదు, యాంటిలోప్, స్టాగ్ (మగ రెడ్ డీర్) లాగా ఏటా కొమ్ములు రాల్చదు. ఈ ముక్క నీ కందికి పనికిరాదని తెలుసు, చెప్పకుండా ఉండలేకపోయా.

ప్రశ్న: మా ఆయన ఫ్రిజ్ నిండా వెనిసన్ (జింక మాంసం) తెచ్చి పెట్టారు. మటన్ లాగా వండితే చెక్కలా వచ్చింది. ఏం చెయ్యాలి?
— గ్లాస్గో

జవాబు: కొవ్వు ఉండదమ్మా దానికి, అందుకే. వెనక తొడ మాంసం కీమా కొట్టించి కొంచెం నూనె ఎక్కువేసి గోంగూరతో చెయ్యండి, వీపు వెంబడి ఉండే మెత్తటి ముక్కయితే ఎక్కువసేపు ఉడికించకుండా పెనం మీద అటూ ఇటూ తిప్పి తీసెయ్యండి. భుజం ముక్కలు కుక్కర్లో పెట్టుకోవచ్చు గానీ తూటా దెబ్బకి రక్తం గడ్డకట్టి నల్లగా కమిలిన చోటు ఉంటే, దాని చుట్టూ ధారాళంగా కోసి పారెయ్యండి, లెడ్ తూటా అయితే పొడి పొడిగా అక్కడే చెదిరి ఉంటుంది, పిల్లలకి అస్సలు పెట్టొద్దు. మీ ఆయన్ని ఒకటి అడగండి, కొట్టాక పేగులు ఎంతసేపటికి తీశారు, 7 డిగ్రీల లోపు చల్లబరిచారా అని. నీళ్లు నమిలితే ఆ ముక్క ఆయనకే పెట్టండి.