ఎందరిలో అంత శాతం? ఆరోగ్య లెక్కల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది జనగామ జిల్లా, ఊళ్ళో వార్డు మెంబర్‌ని. గ్రామసభలో పిల్లల రక్తహీనత గురించి మాట్లాడదామని ఫోన్‌లో వెతికితే తెలంగాణలో 70 శాతం పిల్లలకి ఉందని వచ్చింది. మా ఊళ్ళోనూ 70 శాతం అని చెప్పేయొచ్చా? మా ఊరి లెక్క విడిగా ఎక్కడైనా దొరుకుతుందా?

జవాబు: అలా మాత్రం చెప్పకండమ్మా. ఆ 70 ఉత్తుత్తి అంకె కాదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో వచ్చిందే. ఆరు నెలలు నిండి ఐదేళ్ళు నిండని పిల్లల్లో, హిమోగ్లోబిన్ డెసీలీటరుకి 11 గ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్ళ లెక్క అది. నాలుగో విడతలో, అంటే 2015-16లో, ఇదే అంకె 60.7. పెరిగింది, బాగా పెరిగింది, అది గ్రామసభలో చెప్పాల్సిన మాటే.

కానీ అది మీ ఊరి లెక్క కాదు. 2019లో ఈ సర్వే కోసం తెలంగాణ మొత్తమ్మీద తిరిగింది 27,351 ఇళ్ళు. అప్పటి 31 జిల్లాలకి పంచి చూడండి, జిల్లాకి తొమ్మిది వందలు కూడా రావు. ఎంపికైన ఊళ్ళో కూడా అన్ని ఇళ్ళకీ వెళ్ళరు, సుమారు 22 ఇళ్ళు ఎంచుకుని వెళ్తారు. ఆ ఇరవై రెండిట్లో చంటిపిల్లలున్నవి ఎన్నుంటాయి? నాలుగో, ఐదో. అందుకే రాష్ట్రానికీ జిల్లాకీ ఈ సర్వే పనికొస్తుంది, ఊరికి పనికిరాదు. ఎవరైనా మీకు శాతం చెప్పగానే ముందు నోట్లోంచి రావాల్సిన మాట ‘ఎందరిలో?’ అన్నది.

జిల్లా లెక్క కావాలంటే ‘ఎన్ఎఫ్‌హెచ్ఎస్ 5 జిల్లా ఫ్యాక్ట్ షీట్’ అని వెతకండి, ఎన్ఎఫ్‌హెచ్ఎస్ అంటే ఈ సర్వే ఇంగ్లీషు పొట్టి పేరే. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ తయారు చేసిన పీడీఎఫ్ ఉంటుంది, కొన్ని పేజీల్లో 104 అంశాలు, డబ్బేం కట్టక్కర్లేదు. అందులో కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. చాలామంది అది అచ్చు అలవాటు అనుకుని వదిలేస్తారు, కానీ అది హెచ్చరిక. ఆ అంకె వెనక ఉన్నది 25 నుంచి 49 మందే అని అర్థం. ఇంకొన్ని చోట్ల అంకె బదులు స్టార్ గుర్తు ఉంటుంది, అక్కడ 25 మంది కూడా దొరకలేదు కాబట్టి అంకే ఇవ్వలేదు. బ్రాకెట్‌లో ఉన్న అంకెని ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో వేయించడం నేను చూశాను, బ్రాకెట్ తీసేసి మరీ. అలా చేయొద్దు.

ఇక మీ ఊరి సంగతి. మీ ఊరి లెక్క ఉండేది నెట్‌లో కాదు, ఏఎన్ఎం దగ్గర, ఆశా దగ్గర, అంగన్‌వాడీ టీచర్ దగ్గర. ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ ఊళ్ళో రక్తపరీక్ష చేసి రాసిపెట్టడం సాధారణంగా ఉండదు, కాబట్టి పిల్లల రక్తహీనత శాతం కావాలని వాళ్ళ మీద పడితే లేని అంకె ఎక్కడ్నించి తెస్తారు? ఉన్నవాటిని అడగండి. గర్భిణుల హిమోగ్లోబిన్ ఎంసీపీ కార్డులో, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డులో రాస్తారు. పిల్లల బరువు, ఎత్తు అంగన్‌వాడీలో ఉంటాయి. ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఇవ్వాలి, ఎంతమంది పిల్లలకి అందింది, సీసాలు ఎన్ని నెలలు రాలేదు అన్నది అడిగితే తెలుస్తుంది. గ్రామసభలో నిజంగా పని జరిగేది ఈ చివరి ప్రశ్న దగ్గరే.

బరువులు తూచే రోజు మీరూ వెళ్ళి కాసేపు కూర్చోండి. నేను కొన్నాళ్ళు సర్వేల పని మీద ఇల్లిల్లూ తిరిగినప్పుడు చూసిందే చెప్తున్నా. దూలానికి వేలాడదీసిన తక్కెడలో పిల్లని కూర్చోబెడితే ఏడుస్తూ కాళ్ళు కొడుతుంది, ముల్లు ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఊగుతూనే ఉంటుంది, బయట ఇంకో పదిమంది తల్లులు ఎండలో నిలబడి ఉంటారు. టీచర్ ఎనిమిదిన్నర అని రాసుకుని పిల్లని దించేస్తుంది. ఆవిడ్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఆ ముల్లు నిలబడేదాకా ఆగే వీలు ఆవిడకి లేదు. పై ఆఫీసుకి వెళ్ళే శాతాలన్నీ అక్కడ పుట్టేవే, అది గుర్తుంటే చాలు.

ఇంకో మాట. మీ ఊళ్ళో ఐదేళ్ళ లోపు పిల్లలు 40 మందే అనుకోండి, ఒక్క పిల్ల బరువు అటూ ఇటూ అయితే రెండున్నర శాతం మారిపోతుంది. కాబట్టి శాతాలు వద్దు, ‘నలభై మందిలో పదకొండు మంది’ అన్నట్టు చెప్పండి. పేర్లు మాత్రం రానివ్వకండి. వీధి పేరు కూడా వద్దు, ఒక వీధిలో గర్భిణి ఒక్కతే ఉంటే వీధి పేరు చెప్పినా ఆమె పేరు చెప్పినట్టే.

ప్రశ్న: మాది పార్వతీపురం మన్యం జిల్లా. మా జిల్లా ఫ్యాక్ట్ షీట్ ఎంత వెతికినా దొరకలేదు.

జవాబు: ఐదో విడతలో దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సర్వే జరిగింది 2019లో, మీ జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. అందుకని పాత 13 జిల్లాలకే ఉన్నాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు వాళ్ళయితే విజయనగరం షీట్ చూడాలి, పాలకొండ వైపు వాళ్ళు శ్రీకాకుళం షీట్. రెండూ కలిపి సగటు తీసి ఇదే మన్యం లెక్క అనుకోవద్దు. ఆ సగటులో పల్లపు ఊళ్ళ జనం, సముద్రం ఒడ్డు ఊళ్ళ జనం అంతా ఉంటారు, కొండ మీద గూడేల కష్టం వాళ్ళ కింద కనపడకుండా పోతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ లెక్కే సగటులో మునిగిపోతుంది. మీకు దగ్గరి లెక్క కావాలంటే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి నెలనెలా పైకి వెళ్ళే రిపోర్టులు ఉంటాయి, సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అడిగేటప్పుడు ‘ఆరోగ్య వివరాలు’ అని కాకుండా ఏ పీహెచ్‌సీ, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఇంట్లో జరిగిన కాన్పులు ఎన్ని, ఆస్పత్రి కాన్పులు ఎన్ని అని విడివిడిగా రాయండి.

ప్రశ్న: సర్వే అమ్మాయి మా ఇంటికొచ్చి, ఒకే ఇంట్లో ఉంటున్న మా అన్నదమ్ముల్ని రెండు కుటుంబాలుగా రాసుకుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయిని అసలు రాయలేదు. ఇది తప్పు కాదా?

జవాబు: కాదండీ, రాయాల్సింది అలాగే. సర్వేలో ఇల్లంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు. మీ వంటలు వేరైతే గుమ్మం ఒకటే అయినా రెండిళ్ళే. మామూలుగా అక్కడ ఉండేవాళ్ళనీ, ముందు రాత్రి అక్కడ పడుకున్న చుట్టాల్నీ రాస్తారు, మీ అబ్బాయి ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి అక్కడి లెక్కలోకి వస్తాడు. రేషన్ కార్డులో ఉన్న కుటుంబం వేరు, ఇది వేరు, రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ప్రశ్న: తెలంగాణలో ఆపరేషన్ కాన్పులు 60 శాతం దాటాయట. మా చెల్లెలికి ఏడో నెల, ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఐదో విడత సర్వేలో 60.7 శాతం అని ఉన్నది నిజమే, దేశం మొత్తమ్మీద 21.5. అయితే తెలంగాణ అంకెని విడదీసి చూడండి, ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. ఈ రెండిటికీ అంత తేడా ఉందంటే తల్లుల ఒంట్లోనే అంత తేడా ఉందని నేను నమ్మను. అలాగని ఇది మీ చెల్లెలికి ఎవరో చెప్పిన జోస్యం కాదు, జరిగిపోయిన కాన్పుల లెక్క. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అప్పుడు శాతాలు చూసి వెనకాడకండి. ఈసారి చెకప్‌కి మీరూ వెంట వెళ్ళండి. ఆపరేషన్ అంటే ఎందుకో కారణం అడగండి, ఆ కారణాన్ని కేసు షీట్‌లో రాయమనండి. ముహూర్తం కోసం మీ ఇంట్లోవాళ్ళే ఆపరేషన్ అడుగుతుంటే మాత్రం డాక్టర్ కన్నా ముందు వాళ్ళతో మాట్లాడండి.