అమ్మలూ, రెండోసారి అతనే నడిచి రావాలి

అమ్మలూ,

పర్లాకిమిడిలో మానసిక ఆరోగ్యం ఎమర్జెన్సీ సెంటరు నీ చేతికిచ్చారని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది, కాసేపటికి కొంచెం గుబులు కూడా వేసింది. ఎండీలో నీకు జబ్బులూ మందులూ బాగా నేర్పారు గానీ సెంటరు నడపడం ఎవరూ నేర్పి ఉండరు, నాకూ ఎవరూ నేర్పలేదు. ఈ ఆంధ్రా-ఒడిశా బోర్డర్లో గజపతి, రాయగడ జిల్లాల్లో ఇన్నేళ్ళు తిరిగి తెలుసుకున్నది రాస్తున్నా, వరసగా రాయడం నాకు చేతకాదు, ఓపిగ్గా చదువు.

మన దగ్గరికి మొదటిసారి వచ్చే మనిషి తనంతట తాను రాడు. నలుగురు పట్టుకుని, తువ్వాలుతో చేతులు కట్టి ఆటోలో వేసి తెస్తారు. మళ్ళీ బాగోలేనప్పుడు అతనే బస్సెక్కి రావాలి, నీ పని బాగుందో లేదో నేనైతే అది చూసి చెప్తాను. ఎన్ని బెడ్లు నిండాయి, ఎన్ని కేసులు చూశాం అన్న రిపోర్టులు పై ఆఫీసుకి పంపు, తప్పదు, కానీ నీ మనసులో మాత్రం ఈ లెక్కే ఉంచుకో.

అందుకే మొదటి అరగంట గురించి చెప్తా. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు చూడు, పేషెంటు మన సెంటర్లో మొదట చూసేది అతన్నే, నిన్ను కాదు. అతను కర్ర పట్టుకుని గదమాయిస్తే తర్వాత నువ్వెంత మెత్తగా మాట్లాడినా లాభం లేదు. ముందు అతనికి నేర్పు, పేషెంటు పేరు అడగమను, మంచినీళ్ళు ఇవ్వమను, చుట్టూ మూగిన జనాన్ని పక్కకి పంపమను. తర్వాత నువ్వు వెళ్ళి ఎదురుగా నిలబడకుండా కొంచెం పక్కగా, చెయ్యి అందనంత దూరంలో కూర్చుని, తలుపు ఇద్దరికీ అందేలా చూసుకుని, కట్లు విప్పమని నువ్వే చెప్పు. నా అనుభవంలో కట్లు విప్పగానే సగం మంది నెమ్మదిస్తారు, భయం వల్లే గింజుకుంటారు చాలామంది. నిజంగా మీద పడేవాళ్ళూ ఉంటారు, అప్పుడు కట్టాల్సి రావచ్చు, కాదనను. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చదివే ఉంటావు, అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేకపోతేనే కట్టాలి, అవసరమైనంత సేపే, కారణం రికార్డులో రాయాలి, పేషెంటు తరఫున ఉన్న మనిషికి 24 గంటల్లో తెలియజెయ్యాలి. స్టాఫ్ తక్కువ ఉన్నారని కట్టడానికి వీల్లేదని కూడా అందులో స్పష్టంగా ఉంది. రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉన్నప్పుడు ఈ మాట అందరూ మర్చిపోతారు, నువ్వు మర్చిపోకు. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో షెడ్డుకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. కొత్తగా చేరిన ప్రతి అటెండర్‌కీ నేను మొదటిరోజే అది చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక వానాకాలం రాత్రి ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి కొండ మీంచి మోసుకొచ్చారు, అరుపులు, ఎవర్నీ గుర్తుపట్టట్లేదు, ఎవరో చేతబడి చేశారని ఇంటివాళ్ళ గోల. నేను నెమ్మదించడానికని హాలోపెరిడాల్ ఇంజెక్షన్ వేసేసి వెళ్ళి పడుకున్నా. పొద్దున్న నర్సమ్మ ఒళ్ళు పట్టుకుని చూసి సార్ కాలిపోతోంది అంది, రక్తం చూస్తే ఫాల్సిపారం మలేరియా, మెదడుకెక్కింది. దేవుడి దయవల్ల బతికాడు. ఆ రోజు నుంచి టెంపరేచరు, బీపీ, షుగరు, మలేరియా కిట్ చూడకుండా నేను సూది ముట్టుకోలేదు. మన కొండల్లో ఇది ఇంకా ముఖ్యం అమ్మలూ. ఉన్నట్టుండి మొదలైంది, నిన్నటిదాకా బాగానే ఉన్నాడు, టైమూ చోటూ తెలీట్లేదు, సాయంత్రానికి ఎక్కువవుతోంది అంటే అది పిచ్చి కాదు, ఒంట్లో ఏదో ఉంది, వెతుకు. ఇప్పసారా తాగేవాళ్ళని ఆఖరుసారి ఎప్పుడు తాగావని కచ్చితంగా అడుగు, మానేసిన రెండు మూడు రోజులకి వణుకు, చెమటలు, గోడ మీద పురుగులు కనపడడం మొదలవుతుంది. వాళ్ళకి కావాల్సింది లోరాజెపాం లాంటి మత్తు మందు, థయామిన్ అనే బీ1 విటమిన్, గ్లూకోజు ఎక్కించాల్సొస్తే థయామిన్ ముందు.

సూది తప్పనప్పుడు హాలోపెరిడాల్ ఒక్కటే వెయ్యకు, ప్రోమెథజిన్ కలిపి వెయ్యి. ఒంటరిగా వేస్తే కుర్రాళ్ళకి మెడ మెలితిరిగిపోయి కళ్ళు పైకి వెళ్ళిపోతాయి, అది చూసిన ఇంటివాళ్ళు దెయ్యం బయటికొచ్చింది అనుకుని మళ్ళీ గుణియా, అదే మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళిపోతారు, ఇక జన్మలో మన గుమ్మం తొక్కరు. వేసే ముందు ఏం వేస్తున్నావో ఎందుకో అతనికే చెప్పు, వినట్లేదనిపించినా చెప్పు. తర్వాత గుర్తుంటుంది వాళ్ళకి, నాకు చాలామంది చెప్పారు. గుణియా కట్టిన తాయెత్తు మాత్రం తీయించకు, దానివల్ల నీ మందుకి వచ్చే నష్టం ఏమీ లేదు.

భాష గురించి. నీకు తెలుగూ వచ్చు, ఒడియా వచ్చు, అది సగం జిల్లాకే సరిపోతుంది. మన గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే బళ్ళో పాఠాలు చెప్తూ, కొండల్లో ఉండే సవరవాళ్ళ కోసం వాళ్ళ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంత మనం చెయ్యలేం గానీ భయం, నిద్ర, నొప్పి, చచ్చిపోవాలనిపించడం, ఈ నాలుగు మాటలైనా సవరలో అడగడం నేర్చుకో. ఆడపేషెంటుకి దుబాసీగా మొగుణ్ణో అత్తగారినో పెట్టకు, ఆమె చెప్పాలనుకున్నది బహుశా వాళ్ళ గురించే. ఆశా వర్కర్ని పిలిపించుకో.

చచ్చిపోవాలనుందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన నర్సులే భయపడతారు, పుట్టదు, అడిగినందుకు ఏడ్చి తేలికపడినవాళ్ళే నేను చూసినవాళ్ళలో ఎక్కువ. పోలీసు కేసవుతుందని భయపడి పురుగుమందు తాగిన సంగతి దాచేసి వాంతులు, జ్వరం అని చెప్తారు, ఆ దాపరికంలో ప్రాణాలు పోతాయి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు. ఈ ఒక్క ముక్క తెలుగులో ఒడియాలో పెద్ద అక్షరాలతో రాయించి గోడకి అంటించు. పురుగుమందు తాగిన కేసైతే నీ దగ్గర ఉంచుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపు, బరంపురం దాకా వెళ్ళాల్సొస్తే స్టాఫ్‌లో ఒకర్ని తోడు పంపు. ఇంటికి పంపేటప్పుడు పురుగుమందు డబ్బా ఎక్కడుందో అడుగు. గుణుపూర్ వైపు పత్తి వేసే ఇళ్ళల్లో అది మంచం కిందే ఉంటుంది, తీసి పక్కింట్లో తాళం వేసి పెట్టించు. ఇంత చిన్న పని వల్ల ఏమవుతుంది అనుకోకు, శ్రీలంకలో 1995 తర్వాత ప్రమాదకరమైన పురుగుమందులు ఒక్కొక్కటే ఆపేస్తూ వస్తే దేశంలో ఆత్మహత్యలు మూడింట రెండొంతులు తగ్గాయి. ఆ క్షణం దాటితే బతికే మనుషులు అంతమంది ఉన్నారన్నమాట.

డిశ్చార్జి తర్వాత మొదటి వారం అన్నిటికన్నా ప్రమాదం, సెంటర్లో ఉన్నప్పటికంటే కూడా. మూడో రోజు ఫోను, ఏడో రోజు మనిషి, ఇది ఎవరి పనో పేరు రాసిపెట్టు, లేకపోతే ఎవరూ చెయ్యరు. మందుల చీటీ రెండు లిపుల్లో, కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరుతో రాయి, పనుల కోసం విశాఖ వైపో ఇటుక బట్టీలకో పోయినా అక్కడ దొరకాలి. అర్ధరాత్రి మాట్లాడ్డానికి 14416 ఉందని చెప్పు, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైను, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. ఇంకా ముఖ్యంగా, జబ్బు తిరగబెట్టే ముందు అతనికి ఏమవుతుందో అతని నోటితోనే చెప్పించు. నా పేషెంటు ఒక రైతు, మూడుసార్లు తాళ్ళతో కట్టి తెచ్చారు. నాలుగోసారి తెల్లవారుజామున నేను వెళ్ళేసరికి వరండా బల్ల మీద చేతిసంచి పెట్టుకుని ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బాబూ మూడు రాత్రులైంది నిద్దర లేదు, మళ్ళీ మొదలవుతాదేమో అని వచ్చీసినాను అన్నాడు. సూది అక్కర్లేకపోయింది, నాలుగు రోజులుండి కోతలకి వెళ్ళిపోయాడు. నేను పైన చెప్పిన లెక్క అతన్ని చూసి నేర్చుకున్నదే.

నీ మనుషుల్ని చూసుకో. గొడవ జరిగిన ప్రతిసారీ, ఎంత రాత్రైనా, పది నిమిషాలు టీ తాగుతూ అందరూ కూర్చోండి, ముందు అటెండర్ని మాట్లాడనీ, నువ్వు చివర్లో మాట్లాడు. దెబ్బ తిన్నవాణ్ణి ఇంటికి పంపు. ఎప్పుడో ఒక రోజు నీ పేషెంటు ఒకరు ఇంటికెళ్ళాక ప్రాణం తీసుకుంటారు. ఎంత బాగా చేసినా జరుగుతుంది, నాకు జరిగింది, ఇప్పటికీ వాళ్ళ ముఖాలు గుర్తున్నాయి. ఆ రోజు ఎవరు ఏం తప్పు చేశారని అడగొద్దు, అది వారం తర్వాత కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. ఆ రోజు మాత్రం వాళ్ళింటికి నువ్వే వెళ్ళు, తిడితే పడు. అక్కడే కాసేపు కూర్చో. సెంటరుకి తిరిగొచ్చాక ఆ రాత్రి డ్యూటీలో ఎవరినీ ఒంటరిగా ఉంచకు.

వారానికి ఒక రాత్రి నీ ఫోను ఆఫ్ చేసి పడుకోవాలి, ఆ రాత్రికి నా నంబరు స్టాఫ్‌కి ఇవ్వు, లేచి మాట్లాడతాను. సవర మాటలు రాసుకున్న కాగితాలు నా పెట్టెలో ఉన్నాయి, కొన్ని అక్షరాలు చెరిగిపోయాయి, కూర్చుని మళ్ళీ రాసి వచ్చే ఆదివారం గుణుపూర్ బస్సుకి తెస్తాను.

మీ మావయ్య