పాఠకుల ప్రశ్నలు: ఇశ్రాయేలు కథలు ఎంత పాతవి?

నోవహు ఓడ కథను బాబిలోను వాళ్ళ దగ్గర కాపీ కొట్టారని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

కాపీ అనడం తొందరపాటు. సంబంధమే లేదనడం అంతకంటే తొందరపాటు. అష్షూరు రాజధాని నీనెవెలో దొరికిన, గిల్గమేషు అనే పాత బాబిలోను కావ్యపు మట్టిపలకల్లో 11వ దాన్ని జార్జ్ స్మిత్ 1872లో లండన్‌లో చదివాడు. దేవుడి హెచ్చరిక, తారు పూసిన ఓడ, కొండమీద ఆగడం, పక్షులను వదిలి చూడటం, దిగగానే బలి, ఆ వాసన దేవతల దాకా పోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఇన్ని సంగతులు ఊరికే కలవవు. మెసొపొటేమియాలో ఈ ప్రళయ కథ క్రీ.పూ. 17వ శతాబ్దపు పలకల మీదే ఉంది. మన చేతిలోని ఆదికాండము అంత పాతది కాదు.

పైగా బైబిల్లో ఉన్నదీ ఒక్క కథ కాదు, రెండు కథలు పేనిన తాడు. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. తెలుగు బైబిల్లో ఆదికాండము 6:5 నుంచి 9:17 దాకా చదువుతూ ‘యెహోవా’ అన్నచోట ఎర్ర పెన్సిల్‌తో, ‘దేవుడు’ అన్నచోట నీలం పెన్సిల్‌తో గీయండి. తర్వాత అంకెలు చూడండి. నీలం భాగంలో ప్రతి జాతికి ఒక జత (6:19), నీళ్ళు 150 రోజులు (7:24). ఎర్ర భాగంలో పవిత్ర జంతువులు ఏడేసి (7:2), వాన 40 రోజులు (7:12). ఆ ఏడు ఎందుకో 8:20కి వస్తే తెలుస్తుంది. ఓడ దిగిన నోవహు బలి ఇస్తాడు. ఒక్క జతే ఉండుంటే బలితోనే ఆ జాతి అంతమైపోయేది. నీలం కథలో బలి ఊసే లేదు. దాన్ని రాసినవాళ్ళ లెక్కలో మోషే అన్న అహరోను యాజకుడయ్యేదాకా బలి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు.

7:16 దగ్గర చాలామంది తికమకపడతారు. ఆ ఒక్క వచనంలోనే రెండు రంగులూ పడతాయి: ఆజ్ఞ ఇచ్చింది దేవుడు, తలుపు మూసింది యెహోవా. 7:9 అయితే ఈ లెక్కకు లొంగదు, ఎర్ర భాగం మధ్యలో ‘దేవుడు’ వచ్చిపడుతుంది. కథలను కలిపినవాళ్ళ సవరణ అది అంటారు పండితులు. అందుకే పేరొక్కటే పట్టుకుపోకూడదు, అంకెలు కూడా కలవాలి.

ఐగుప్తు (ఈజిప్టు) నుంచి 6 లక్షలమంది పురుషులు బయలుదేరారని నిర్గమకాండంలో ఉంది. తవ్వకాల్లో ఏమైనా దొరికిందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

ఆడవాళ్ళు, పిల్లలతో కలిపితే 20 లక్షలకు తగ్గరు. 2011 లెక్కల ప్రకారం మన ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభాలో సగం. అంతమంది ఎడారిలో 40 ఏళ్ళు ఉంటే పొయ్యిలు, కుండపెంకులు, సమాధులు మిగలాలి. ఐగుప్తుకూ కనానుకూ మధ్యనున్న సీనాయి ఎడారిలో ఆ కాలానివి, అంత పెద్ద గుంపువి ఏవీ దొరకలేదు. ఇంకో చిక్కూ ఉంది. ఈ ప్రయాణం జరిగిందని చాలామంది చెప్పే క్రీ.పూ. 13వ శతాబ్దంలో, వాళ్ళు చేరాల్సిన కనాను కూడా ఐగుప్తు ఏలుబడిలోనే ఉంది, అక్కడి బేత్షెయాను పట్టణంలో ఐగుప్తు సైన్యం కాపలా ఉండేది. పారిపోయి చేరింది మళ్ళీ ఫరో రాజ్యానికే!

మోషే తర్వాత జనాన్ని కనానులోకి నడిపిన యెహోషువ ముందు యెరికో గోడ కూలిందని బైబిల్లో ఉంది. అక్కడ దొరికిన గోడ ఆ కాలానిదేనని తవ్వకాల నిపుణుడు గార్‌స్టాంగ్ 1930లలో ప్రకటించాడు. 1952–58 మధ్య మరో నిపుణురాలు కాథలీన్ కెన్యన్ పొరపొరగా తవ్వితే, ఆ గోడ అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందుదని తేలింది. అలాగని మొత్తం కల్పన అనీ తేలలేదు. మోషే, అహరోను మనవడు ఫీనెహాసు లాంటివి ఐగుప్తు పేర్లే. చిన్న గుంపు ఒకటి అక్కడి నుంచి వచ్చి ఉంటుందని, వాళ్ళ జ్ఞాపకమే అందరి కథ అయిందని పలువురి అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది.

మన ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉన్నట్టు ఇశ్రాయేలువాళ్ళకూ రాతి సాక్ష్యం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, పత్తికొండ

మంచి పోలిక తెచ్చారు మాస్టారూ. ఎర్రగుడి 13వ శాసనంలో ఐదుగురు యవన (గ్రీకు) రాజుల పేర్లుండబట్టే అశోకుడి కాలం గట్టిగా తేలింది. బయటివాళ్ళ పేర్లతో సరిచూసుకోవడం అక్కడా అదే పద్ధతి.

ఐగుప్తు రాజు మెర్నెప్తా శిల (సుమారు క్రీ.పూ. 1208) ‘ఇశ్రాయేలు’ పేరున్న అతి పాత రాత. ఆ పేరు పక్కన దేశానికి పెట్టే గుర్తు లేదు, జనానికి పెట్టే గుర్తు ఉంది. 1868లో దొరికిన, పొరుగు రాజ్యం మోయాబు రాజు మేషా శిలలో ఇశ్రాయేలు రాజు ఒమ్రీ పేరు, యెహోవా పేరు ఉన్నాయి. 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్‌లో దొరికిన రాతి ముక్క మీద ‘దావీదు ఇల్లు’ అని ఉంది. దావీదు పేరిట రాజవంశం ఉండేదనడానికి అది చాలు. అతని రాజ్యం ఎంత పెద్దదో మాత్రం అది చెప్పదు. యూదా రాజు హిజ్కియా దాకా వస్తే ఇక తడుముకోనక్కర్లేదు: 46 పట్టణాలు పట్టుకుని అతణ్ణి పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని అష్షూరు రాజు సన్హెరీబే రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించలేదు.

ఎర్రసముద్రం అడుగున ఫరో రథచక్రాల ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

నమ్మక్కర్లేదమ్మా. అలాంటి ఫొటో వస్తే తవ్విందెవరు, ఏ పొరలో దొరికింది, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది అని అడగండి. ఈ చక్రాల విషయంలో మూడింటికీ జవాబు లేదు. పగడపు దిబ్బలు గుండ్రంగా పెరగడం ఆ సముద్రంలో మామూలే.