రావణుడి గొంతు, హనుమంతుడి కుస్తీ: ‘రామాయణ్’ నటీనటులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రామానంద్ సాగర్ నిర్మించి, దర్శకత్వం వహించిన ‘రామాయణ్’ ధారావాహిక 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు ప్రతి ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో 78 భాగాలుగా ప్రసారమైంది. 2020 లాక్‌డౌన్‌లో అది మళ్ళీ ప్రసారమైన తరువాత, అందులోని నటులెవరు, ఎక్కడివారు, ఆ తరువాత ఏమయ్యారు అని అడుగుతూ మాకు అందిన ప్రశ్నలలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రాముడు, సీత, లక్ష్మణుడు వేషాలు వేసిన ముగ్గురూ అప్పటివరకు ఎవరికీ తెలియని కొత్త ముఖాలని మా ఇంట్లో పెద్దవారు అంటారు. నిజమేనా?

జవాబు: తెలుగునాట చాలామందికి వారు కొత్తవారే కావచ్చు గాని, సాగర్‌కు మాత్రం కారు. మీరట్‌కు చెందిన అరుణ్ గోవిల్ వ్యాపారంలో ఉన్న అన్నగారి దగ్గరకు బొంబాయి చేరి, అక్కడి నుంచి సినిమాల వైపు మళ్ళారు. దూరదర్శన్‌లో సినిమా తారలతో ముచ్చటించే కార్యక్రమం నడిపి దేశమంతటికీ పరిచయమైన తబస్సుం ఆయనకు స్వయానా వదిన. 1977లో రాజశ్రీ సంస్థ తీసిన ‘పహేలీ’ ఆయన తొలి చిత్రం కాగా, అదే సంస్థ 1979లో తీసిన ‘సావన్ కో ఆనే దో’ ఆయనను కథానాయకుడిగా నిలబెట్టింది. దీపికా చిఖలియా 1983లో ‘సున్ మేరీ లైలా’ చిత్రంతో తెరమీదికి వచ్చారు. మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌కు చెందిన సునీల్ లహ్రీ 1980లో కె.ఎ. అబ్బాస్ తీసిన ‘ది నక్సలైట్స్’లో నటించారు. నక్సలైట్ల కథలో కనిపించిన యువకుడు ఏడేళ్ళకు లక్ష్మణుడై వచ్చాడన్నమాట.

ఈ ముగ్గురినీ ఒకచోటికి చేర్చింది రామాయణం కాదు, భేతాళ కథలు. 1985లో సాగర్ సంస్థ దూరదర్శన్ కోసం తీసిన ‘విక్రమ్ ఔర్ బేతాల్’లో విక్రమార్కుడు అరుణ్ గోవిల్. ఆ చిన్న చిన్న కథల్లోని రాజకుమారులుగా, రాజకుమార్తెలుగా లహ్రీ, దీపిక కనిపించేవారు. భేతాళుణ్ణి తెమ్మని రాజును పంపించే యోగి వేషం వేసిన అరవింద్ త్రివేదియే తరువాత రావణుడయ్యారు. కిరీటాలు, పట్టుబట్టలు, పౌరాణిక సంభాషణ ఎవరికి నప్పుతాయో సాగర్ ముందే చూసుకున్నారని, పెద్ద నాటకానికి ముందు ఆడిన రిహార్సల్ వంటిదే ఆ ధారావాహిక అని నా అభిప్రాయం. అయినా రాముడి ఎంపిక తేలికగా జరగలేదు. మేకప్ అంతా పూర్తయ్యాక కూడా తనలో రాముడు కనిపించలేదని, సన్నని చిరునవ్వు జోడించిన తరువాతే ఆ ముఖానికి రామకళ వచ్చిందని గోవిల్ తన ఇంటర్వ్యూలలో చెబుతూ వచ్చారు. ధారావాహిక పొడుగునా ఆ చిరునవ్వును ఆయన వదలకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: రావణుడి గొంతు ఇప్పటికీ చెవుల్లో మోగుతూ ఉంటుంది. ఆయన ఏ నాటక సమాజం నుంచి వచ్చారు?

జవాబు: అరవింద్ త్రివేది గుజరాతీ రంగస్థలం నుంచి వచ్చినవారు. 1938లో ఇందోర్‌లో పుట్టారు. ఆయన అన్నగారు ఉపేంద్ర త్రివేది గుజరాతీ సినిమాకు, నాటకానికి ఒక తరం పాటు అగ్రనటుడు. ఆ అన్నగారి నీడలోనే తమ్ముడు నాటకాలూ సినిమాలూ చేస్తూ ఎదిగారు. చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి సైతం మాట అందాలంటే ఊపిరి ఎక్కడ పట్టాలో, పదం ఎక్కడ విరవాలో నాటకం నేర్పుతుంది. అందుకే మన పద్యనాటకాల్లో దుర్యోధనుడినో రావణుడినో చూసిన తెలుగువారికి, హిందీ అంతగా రాకపోయినా, ఆ గొంతు ముందే ఎరిగినట్టు అనిపించింది. తాను మొదట అడగడానికి వెళ్ళింది రాముణ్ణి నది దాటించే కేవటుని వేషమని, తన నడక చూసిన సాగర్ రావణుడిగా నిశ్చయించారని ఆయనే చెప్పుకున్నారు.

ధారావాహిక తరువాత ఆయన గుజరాతీ చిత్రాలకే తిరిగి వెళ్ళారు. 1998లో వచ్చి ఘనవిజయం సాధించిన ‘దేశ్ రే జోయా దాదా పర్‌దేశ్ జోయా’లో నటించారు. మధ్యలో 1991 నుంచి 1996 వరకు సాబర్‌కాంఠా నుంచి భారతీయ జనతా పార్టీ తరఫున లోక్‌సభ సభ్యులుగా ఉన్నారు. 2002లో కొంతకాలం సెన్సార్ బోర్డుకు తాత్కాలిక అధ్యక్షులుగా పనిచేశారు. 2020లో పునఃప్రసారం జరుగుతుండగా, సీతాపహరణ ఘట్టంలో తనను తానే టీవీలో చూసుకుంటూ చేతులు జోడించిన ఆ వృద్ధుని వీడియోను మీలో చాలామంది చూసే ఉంటారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశారు.

ప్రశ్న: దారాసింగ్ మల్లయోధుడు కదా, హనుమంతుడి వేషం ఆయనకు ఎలా వచ్చింది?

జవాబు: ఆ వేషం ఆయనకు అప్పటికే పాతది. అమృత్‌సర్ ప్రాంతంలో 1928లో పుట్టిన దారాసింగ్, 1959లో కామన్‌వెల్త్ విజేతగా, 1968లో బొంబాయిలో అమెరికా మల్లయోధుడు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ విజేతగా నిలిచారు. కుస్తీ బరిని వదలకుండానే 1962లో ‘కింగ్ కాంగ్’తో కథానాయకుడయ్యారు. 1976లో ‘బజరంగ్‌బలీ’ చిత్రంలో హనుమంతుడిగా నటించారు. సాగర్ పిలిచేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి, కుస్తీల నుంచి విరమించి నాలుగేళ్ళు కావస్తోంది. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో భీముడి గర్వం అణచే హనుమంతుడు కూడా ఆయనే. 2003లో రాష్ట్రపతి ఆయనను రాజ్యసభకు నామినేట్ చేశారు. 2012 జూలై 12న మరణించారు.

ప్రశ్న: దశరథుడు, కౌసల్య నిజజీవితంలోనూ భార్యాభర్తలేనని విన్నాను.

జవాబు: మీరు విన్నది నిజమే. బాల్ ధురి, జయశ్రీ గడ్కర్ దంపతులు. అయితే కౌసల్యగా తెల్లచీరలో కన్నీరు పెట్టుకున్న ఆ తల్లి, 1959లో వచ్చిన ‘సాంగ్త్యే ఐకా’ అనే చిత్రంలో (అది తమాషా అనే మరాఠీ జానపద నాటకం నేపథ్యంలోనిది) లావణి అనే అక్కడి జానపద నృత్యంతో మహారాష్ట్రను ఊపేసిన నర్తకి అని మనవారిలో ఎంతమందికి తెలుసు? కైకేయి పద్మా ఖన్నాదీ అదే దారి. గోపీకృష్ణ వద్ద కథక్ నేర్చి, 1970 నాటి ‘జానీ మేరా నామ్’లో క్లబ్ నృత్యంతో పేరుపొందిన ఆమె, తరువాతి కాలంలో అమెరికా వెళ్ళి నాట్యం నేర్పారు. అయోధ్య అంతఃపురంలో ఇద్దరు రాణులూ ఆటగత్తెలే అన్నమాట. ఇంకొక బంధుత్వం కూడా చెప్పాలి. జనకుడిగా నటించిన మూల్‌రాజ్ రాజ్‌డా, శత్రుఘ్నుడిగా నటించిన సమీర్ రాజ్‌డా తండ్రీకొడుకులు. మండోదరి అపరాజితా భూషణ్ అలనాటి కథానాయకుడు భరత్ భూషణ్ కుమార్తె.

ప్రశ్న: మంథర కన్ను అలా ఉండటం మేకప్ వల్లనా?

జవాబు: కాదు. లలితా పవార్ మూగచిత్రాల కాలంలో బాలనటిగా వచ్చి, కథానాయికగా పేరు తెచ్చుకున్నారు. 1942లో ఒక చిత్రీకరణలో తోటి నటుడు కొట్టిన చెంపదెబ్బ గట్టిగా తగలడంతో ముఖానికి పక్షవాతం వచ్చి, ఏళ్ళ తరబడి చికిత్స తీసుకున్నా ఎడమకన్ను మునుపటిలా కాలేదు. ఇక నాయిక వేషాలు రావని తెలిసి, అత్తల, గయ్యాళుల పాత్రలకు మళ్ళారు. ఆ పాత్రలలో ఆమెను మించినవారు హిందీ తెరపై లేరు. పైకి కఠినంగా, లోపల వెన్నలా ఉండే ‘అనాడీ’ చిత్రంలోని ఇంటి యజమానురాలి పాత్రకు ఫిలింఫేర్ బహుమతి వచ్చింది. మంథర నాటికి ఆమెకు డెబ్బై ఏళ్ళు.

ప్రశ్న: మన ఎన్.టి.ఆర్. రాముడూ కృష్ణుడూ వేస్తూనే సాంఘిక చిత్రాల్లోనూ వెలిగారు. అరుణ్ గోవిల్, దీపికలకు అది ఎందుకు సాధ్యపడలేదు?

జవాబు: ఇది ఆలోచించదగిన ప్రశ్న. నాకు తోచే కారణాలు రెండు. సినిమా రాముడు మూడు గంటలు కనిపించి వెళ్ళిపోతాడు, ఆ వచ్చే నెలలో అదే నటుడు ప్యాంటూ చొక్కాలో వస్తాడు. టీవీ రాముడు మాత్రం ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం ఇంట్లోకే వచ్చి కూర్చున్నాడు, టీవీ పెట్టెకు హారతులు అందుకున్నాడు. ఇక రెండవది, ఎన్.టి.ఆర్. రాముడు కాకముందే పెద్ద నటుడు, పైగా రావణుడిగానూ మెప్పించారు. గోవిల్, దీపికల వెనుక అంతటి పునాది లేదు. ఇదే ధారావాహికలోని దారాసింగ్‌ను, లలితా పవార్‌ను, త్రివేదిని చూడండి, తమ పాత వృత్తి ఉండబట్టే వారిని వారి పాత్రలు కట్టిపడేయలేదు. బహిరంగంగా సిగరెట్టు కాలుస్తుండగా ఒక అభిమాని మందలించడంతో ఆ అలవాటే మానుకున్నానని, వాణిజ్య చిత్రాల నిర్మాతలు తనకు వేషాలివ్వడం మానేశారని గోవిల్ స్వయంగా చెప్పారు. మన వి. మధుసూదనరావు 1997లో హిందీలో తీసిన ‘లవ్ కుశ్’లో జితేంద్ర రాముడు, జయప్రద సీత కాగా, గోవిల్‌కు దక్కింది లక్ష్మణుడి వేషం!

పార్టీలకు మాత్రం ఆ ముఖాల విలువ వెంటనే తెలిసింది. 1988 అలహాబాద్ ఉపఎన్నికలో కాంగ్రెస్ గోవిల్‌ను ప్రచారానికి తెచ్చుకున్నా గెలిచింది వి.పి. సింగ్. 1991లో దీపిక బరోడా నుంచి భారతీయ జనతా పార్టీ సభ్యురాలిగా లోక్‌సభలో అడుగుపెట్టారు. తరువాత చాలాకాలం తెరకు దూరంగా ఉండి, 2019లో ‘బాలా’ చిత్రంలో తల్లి పాత్రలో కనిపించారు. గోవిల్ 2024లో అదే పార్టీ అభ్యర్థిగా తన సొంత ఊరు మీరట్ నుంచి పదివేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ప్రశ్న: ఇంద్రజిత్తును ఏదో హిందీ పాటలో చూసినట్టు గుర్తు.

జవాబు: పొరపాటు లేదు. పుణే ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందిన విజయ్ అరోడా 1973లో వచ్చిన ‘యాదోం కీ బారాత్’లో జీనత్ అమన్ సరసన నటించారు. ఆమె గిటారు పట్టుకుని పాడే పాట ఆయనను ఉద్దేశించినదే.

ప్రశ్న: కుశుడిగా నటించిన పిల్లవాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

జవాబు: పట్టాభిషేకంతో కథ ముగిశాక, వాల్మీకిని ఆరాధించే పారిశుద్ధ్య కార్మికులు ఉత్తరకాండ కూడా చూపాలని సమ్మెకు దిగారు. ఆ తరువాత వచ్చిన కొనసాగింపులో కుశుడైన స్వప్నిల్ జోషి నేడు మరాఠీ చిత్రాల ప్రముఖ కథానాయకుడు. 2010లో ‘ముంబై-పుణే-ముంబై’, 2013లో ‘దునియాదారీ’ ఆయనకు పేరు తెచ్చాయి. నడుమ సాగర్ తీసిన ‘శ్రీకృష్ణ’లో బాల్యం దాటిన కృష్ణుడిగానూ నటించారు. ఆ ధారావాహికలోనే పెద్దయిన కృష్ణుడిగా కనిపించిన సర్వదమన్ బెనర్జీని మాత్రం మీకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరివెన్నెల’లో వేణువు ఊదిన అంధుడు ఆయనే.