పాఠకుల సందేహాలు: నాస్తిక మిత్రునికి ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. నా గదిలో ఉండే మిత్రుడు నాస్తికుడు, వాదనలో నాకన్నా గట్టివాడు. “నువ్వు వేల దేవుళ్ళను కాదని ఒక్కరిని నమ్ముతున్నావు, నేను ఆ ఒక్కరిని కూడా కాదంటున్నాను, మనిద్దరికీ తేడా అంతే” అంటాడు. “అన్నిటినీ దేవుడు చేస్తే దేవుణ్ణి ఎవరు చేశారు?” అని అడుగుతాడు. ఈ మధ్య వాళ్ళ అక్క కూతురు మూడేళ్ళ వయసులో రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటినుంచి “ఇది చూస్తూ ఊరుకున్నవాణ్ణి మంచివాడని ఎలా అంటావు?” అని నిలదీస్తున్నాడు. ఏమని జవాబు చెప్పాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: లెక్కల మాట పాతదే. రెండో శతాబ్దంలో రోమీయులు క్రైస్తవులనే నాస్తికులన్నారు. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే విశ్వాసి ఆంటోనినస్ పయస్ చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో, మీరు కొలిచే దేవతల విషయంలో మేము నాస్తికులమేనని ఒప్పుకొని, సత్యదేవుని విషయంలో మాత్రం కామని చెప్పాడు. ఆ ‘మాత్రం’లోనే విషయమంతా ఉంది. మీ ఊరి వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. మీరు తక్కిన రాజులందరి పేర్లూ కాదని రుద్రదేవుని పేరు ఒప్పుకున్నారనుకోండి. మరొకాయన వచ్చి ఆ ఒక్క పేరును కూడా కొట్టివేస్తే, ఆయన మీకన్నా ఒక్క పేరే ఎక్కువ కొట్టివేసినట్టు కాదు, ఆ గుడిని ఎవరూ కట్టలేదని చెప్పినట్టు. ఇది దేవుడున్నాడని రుజువు చేయదు. తేడా ఒక అంకెలో లేదని మాత్రం చూపుతుంది.

రెండో ప్రశ్నకు మనవాళ్ళే చోటిచ్చారు. “ప్రతిదానికీ ఒక కర్త ఉండాలి” అని ప్రసంగాల్లో చెబితే, వినేవాడు దేవుని కర్త ఎవరని అడగక మానడు. క్రైస్తవ తాత్వికులు చెప్పింది అది కాదు. తన ఉనికికి ఇంకొకదానిపై ఆధారపడేదానికే కారణం అడగాలి, అలాంటివన్నీ చివరికి దేనిమీదా ఆధారపడని ఒకదానిపై నిలవాలి అన్నది వారి మాట. కాజీపేట జంక్షన్‌లో బోగీని బోగీ లాగుతుంది. ఎన్ని బోగీలు తగిలించినా ఇంజను లేనిదే బండి కదలదు, ఇంజనును లాగే బోగీ ఏదని అడిగితే రైలు సంగతి అర్థం కానట్టే. (ఇంజనుకు కరెంటు ఎక్కడిదని మీ మిత్రుడు అంటే, ఉపమానం అక్కడితో ఆగిపోయిందని నవ్వి ఒప్పుకోండి.) అయితే ఆ ఆధారపడనిది ఈ విశ్వమే ఎందుకు కాకూడదని ఆయన అడగవచ్చు. 1948లో బీబీసీ రేడియోలో జెసూట్ అనే కతోలిక సన్యాసి సంఘానికి చెందిన గురువు కాపుల్‌స్టన్‌తో జరిగిన చర్చలో బ్రిటిష్ తాత్వికుడు బెర్ట్రండ్ రస్సెల్ తీసుకున్న స్థానం అదే: విశ్వం ఉంది, అంతే. విశ్వంలోని ప్రతిదాన్నీ ఎందుకని అడిగి, మొత్తం విశ్వం దగ్గరికి వచ్చేసరికి అడగడం మానుకోవడం నాకు సబబుగా తోచదు. కానీ అసలైన వివాదం అక్కడే ఉందని ఒప్పుకోవాలి. విశ్వం ఆరంభాన్ని వివరించే మహావిస్ఫోటనాన్ని (బిగ్ బ్యాంగ్‌ను) దేవునికి రుజువుగా చూపాలన్న ఉత్సాహం మాత్రం వద్దు. ఆ సిద్ధాంతానికి ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా కతోలిక గురువు, అయినా తన విజ్ఞానాన్ని అలా వాడుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

మూడో ప్రశ్న దగ్గర నేను నెమ్మదిగా మాట్లాడతాను. దేవుడు మనిషికి స్వేచ్ఛనిచ్చాడు, స్వేచ్ఛ ఉన్నచోట చెడుకు అవకాశం తప్పదు అన్న జవాబు హత్యకు, దోపిడీకి, యుద్ధానికి సరిపోతుంది. మూడేళ్ళ పిల్ల రక్తంలో పుట్టిన వ్యాధి ఎవరి స్వేచ్ఛ? మనకు తెలియని కారణాలు దేవునికి ఉండవచ్చని చెప్పడం తర్కానికి నిలుస్తుంది, కాబట్టి దేవుడు, బాధ రెండూ ఒకేచోట ఉండటం అసాధ్యమని ఎవరూ నిరూపించలేరు. అంతకుమించి నా దగ్గర లేదు, ఉందని చెప్పేవారిని నేను నమ్మను.

అయితే ఏమి చెప్పకూడదో పరిశుద్ధ గ్రంథం స్పష్టంగా చెబుతోంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, వీడైనను వీని కన్నవారైనను కాదని యేసు అన్నాడు. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది యెరూషలేములోని తక్కినవారికంటె అపరాధులు కారన్నాడు. యోబుకు కారణాలు చెప్పబోయిన స్నేహితుల మీదనే చివరికి దేవుని కోపం రగిలింది. ఇన్ని ఉండగా, బిడ్డను పోగొట్టుకున్న తల్లితో “మీ ప్రార్థనలో విశ్వాసం చాలలేదు” అనే సేవకులు మన కూడికల్లో ఉన్నారు. మీ మిత్రుణ్ణి దేవునికి దూరం చేయడానికి వేరే నాస్తికుడు అక్కరలేదు. క్రైస్తవుడు చెప్పగలిగింది ఒకటుంది: మేము నమ్మే దేవుడు దూరంగా నిలబడి చూసినవాడు కాడు, “నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి” అని సిలువ మీద తానే కేకవేసినవాడు. ఇది కూడా ఇప్పుడే చెప్పవద్దు. ఆయన అడిగితే చెప్పండి. అంతకుముందు సెలవు పెట్టి, ఆయనతో కలిసి ఆ అక్క ఇంటికి వెళ్ళి రండి.

ప్రశ్న: “దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు” అని 14వ కీర్తనలో ఉంది గదా, నాస్తికులతో వాదించడం దేనికి?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఆ వచనం దగ్గర ఆగిపోకుండా కీర్తన మొత్తం చదవండి. అక్కడ వాదించేవాడు ఎవరూ కనబడరు. ఆహారం మింగినట్టు ప్రజలను మింగేవారు, బాధపడేవారి ఆలోచనను తృణీకరించేవారు కనబడతారు. లెక్క అడిగేవాడు లేడనే ధైర్యంతో బతికేవాణ్ణి కీర్తనకారుడు బుద్ధిహీనుడన్నాడు, అలాంటివాడు ఆదివారం ఆరాధనలో ముందు వరుసలోనూ ఉండవచ్చు. ఇక, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా అంటరానివారని దూరం పెట్టినవారితో కలిసి భోజనం చేయించి, తన కుటుంబంలోనే కులాంతర వివాహాలు జరిపించాడు. సంబంధం కుదుర్చుకునే వేళ కులం అడగని కుటుంబాలు మీ సంఘంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ తరువాత ఆ వచనం ఎవరికి చదివి వినిపించాలో మీరే నిర్ణయించుకోండి.