తలుపు దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పదిహేనో శతాబ్దపు ధనిక వర్తకుడు జొవాన్ని రుచెల్లాయి కట్టించుకున్న సమాధి మందిరం గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు చాలా సంతోషం. కానీ మొదటి పేరాలోనే ఆయనకు తీర్పు చెప్పేశావు. ‘వడ్డీ డబ్బు పాపం కడుక్కోవడానికి కట్టాడు’ అని నువ్వే తేల్చేస్తే పాఠకుడు ఇక లోపలికి ఎందుకు వస్తాడు?

ఆ తీర్పు కొట్టేసి, తలుపు దగ్గర మొదలుపెట్టు. అది ఎంత చిన్నదంటే, ఎంతటివాడైనా వంగితే గానీ లోపలికి పోలేడు. దాని పైనున్న లాటిన్ శాసనంలో ఆయన ఉద్దేశం ఆయన మాటల్లోనే ఉంది: తన ముక్తి కోసం ప్రార్థించడానికి, జెరూసలేంలోని క్రీస్తు సమాధిని పోలినట్టు ఈ మందిరం కట్టించాను అని. సంవత్సరం 1467. ఉన్ని వ్యాపారం, బ్యాంకు వ్యవహారాలతో గడించిన మనిషి కోరిక అది. దాన్ని అలాగే రాయి, వ్యాఖ్య అక్కర్లేదు.

తర్వాత గోడల దగ్గర తీరిగ్గా నిలబడు. దానికి రూపమిచ్చినవాడు వాస్తుశిల్పి లియోన్ బత్తిస్తా ఆల్బెర్తి. పోలిక జెరూసలేంది అన్నా, నిలువు గాడులు చెక్కి, తలపై ఆకుల నగిషీ ఉన్న కొరింథియన్ తరహా అర్ధస్తంభాలు ప్రాచీన రోముకు చెందినవి. తెల్ల పాలరాతిలో ముదురు ఆకుపచ్చ రాయి పొదిగిన చదరాల్లో నక్షత్రాలు, ఆకుల చుట్లు, వాటి మధ్య రుచెల్లాయి వంశ చిహ్నమైన తెరచాప, ఫ్లోరెన్స్‌ను శాసించిన మెదిచీ వంశపు చిహ్నాలు కూడా కనిపిస్తాయి. రుచెల్లాయి కొడుకు బెర్నార్దో పెళ్లాడింది మెదిచీ ఇంటి పిల్లనే, ఆ వంశపు లొరెంజో అక్కను. పైన ఫ్లోరెన్స్ నగర చిహ్నమైన లిల్లీ పూల వరస. దాని కింద గోడ చుట్టూ పెద్ద రోమన్ అక్షరాల్లో క్రీస్తు పునరుత్థానం గురించిన సువార్త వాక్యం: ఆయన లేచాడు, ఇక్కడ లేడు. తన సమాధి కోసం కట్టించుకున్న చోట ఖాళీ సమాధి మాట చెక్కించాడు! నాకైతే వ్యాసానికి గుండె అదే. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు.

జెరూసలేంకు మనుషుల్ని పంపి కొలతలు తెప్పించాడన్న కథ తీసెయ్. దానికి ఆధారంగా చూపే ఉత్తరాన్ని పండితులు నమ్మడం లేదు.

ఆయన గొప్పల్ని మాత్రం దాచకు. సాంతా మరియా నొవెల్లా చర్చి ముఖభాగం మీద తన పేరు, 1470 సంవత్సరం పెద్దక్షరాలతో వేయించిన మనిషి ఆయన. భక్తి, కీర్తి కాంక్ష రెండూ ఒకే మనిషివి. ఒకటి నిజం, రెండోది నటన అని విడదీయొద్దు.

చివరి భాగంలో ఏకాంతం గురించి ఇంకాస్త రాయి. మందిరం ఉన్న ప్రార్థన గది మొదట్లో పక్కనున్న శాన్ పాంక్రాజియో చర్చిలోకి తెరుచుకుని ఉండేది. 1808లో చర్చి మూతపడ్డాక మధ్యలో గోడ లేచింది, అక్కడి స్తంభాలు చర్చి ముఖద్వారానికి చేరాయి. చర్చి లాటరీ ఆఫీసైంది, పొగాకు ఫ్యాక్టరీ అయింది, ఇప్పుడు శిల్పి మరీనో మరీని పేరిట మ్యూజియం. గోడ అవతల మందిరం మాత్రం పవిత్ర స్థలంగానే మిగిలింది. 2013 నుంచి మ్యూజియంలోంచే దారి.

ఈ భాగం తిరగరాసి పంపు. పొడవైనా పర్లేదు.

మీ అన్నయ్య